పెద్ద బొమ్మకు చిన్న మచ్చ

వార్‌గేమింగ్ బొమ్మలకు రంగులు వేసేవాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. బొమ్మ ఎంత పెద్దదైతే దానికి అంత తుప్పు, అంత పెద్ద గాట్లు, అంత మందాన బురద పట్టించాలని. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. బొమ్మ పెరిగేకొద్దీ దాని మీద మచ్చ చిన్నదవ్వాలి. ఆ మచ్చ అక్కడే ఎందుకు పడిందో అడిగితే జవాబు ఉండాలి. ఈ రెండూ లోపిస్తే మూడంతస్తుల యంత్రంలా కనిపించాల్సింది కాస్తా షెల్ఫులో పెట్టిన ప్లాస్టిక్ రోబోలా మిగిలిపోతుంది, వేసినవాళ్ల చేయి ఎంత తిరిగినదైనా సరే.

ఈ లోకం తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ కేంద్రంగా నడిచే గేమ్స్ వర్క్‌షాప్ 1987లో వార్‌హ్యామర్ 40,000 అనే ఆట తెచ్చింది. బల్ల మీద చిన్న చిన్న సైన్యాలు పెట్టి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేస్తూ ఆడతారు. సైనికుల బొమ్మలు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి. 2014లో వీటి మధ్యకు ఇంపీరియల్ నైట్ ప్లాస్టిక్ కిట్ వచ్చింది. లోపల ఒక మనిషి కూర్చుని నడిపే రెండు కాళ్ల యుద్ధయంత్రం, బొమ్మగా సుమారు 17 సెంటీమీటర్ల ఎత్తు. అదే కంపెనీకి చెందిన ఫోర్జ్ వరల్డ్ రెజిన్‌తో చేసే వార్‌లార్డ్ టైటాన్ అనే ఇంకా పెద్ద యంత్రమైతే అర మీటరు దాటుతుంది. కిట్‌ను మనమే అతికించుకోవాలి, రంగులు మనమే వేసుకోవాలి. ఆట కంటే ఈ పని మీద ప్రేమతోనే ఇందులోకి వచ్చేవాళ్లు చాలామంది. నేనూ ఆ కోవకే చెందుతాను.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఆరడుగుల మనిషి మూడు సెంటీమీటర్లకు కుదించుకుపోయాడంటే బొమ్మ అసలులో అరవయ్యో వంతు. ఆ లెక్కన 17 సెంటీమీటర్ల నైట్ పది మీటర్ల ఎత్తున్న యంత్రం. మామూలుగా అందరూ చేసేదేమిటంటే, ప్యాకింగు స్పాంజి ముక్క చింపి, ముదురు గోధుమ రంగులో అద్ది, కవచం అంచుల వెంట టపటపా తడతారు. ఒక్కో మచ్చ రెండు మూడు మిల్లీమీటర్లు వస్తుంది. మూడు మిల్లీమీటర్లను అరవైతో గుణిస్తే 18 సెంటీమీటర్లు. అంటే ఆ యంత్రం మీద ఎక్కడ చూసినా జానెడు జానెడు పెచ్చులు ఊడిపోయాయని మనం చెబుతున్నట్టు. ఇంటి గేటు మీద జానెడు పెచ్చు ఊడితే ఎంత పెద్దగా కనిపిస్తుందో ఒకసారి ఊహించుకోండి. అలాంటివి ఒకే కవచం మీద పాతిక ఉంటే, కన్ను ఆ మచ్చను చిన్న గీతగానే లెక్కేసుకుని, యంత్రం సైజునే తగ్గించి చూస్తుంది. సన్నబ్రష్ మొనతో పెట్టిన పావు మిల్లీమీటరు చుక్క అసలు కొలతలో సెంటీమీటరున్నర అవుతుంది. రాయి తగిలి రంగు లేచిపోయిన చోటు నిజంగా అంతే ఉంటుంది. అదే చుక్క యంత్రాన్ని ఒక్కసారిగా పెంచేస్తుంది.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే దొరుకుతుంది. బొమ్మను వాడి అరిగినట్టు, తుప్పు పట్టినట్టు చూపించే, వెదరింగ్ అని మనం పిలిచే ఈ విద్య ఎక్కువగా ట్యాంకుల మోడల్స్ చేసేవాళ్ల నుంచి వచ్చింది. 1970లలో అమెరికాలో షెప్ పెయిన్ మోనోగ్రామ్ అనే కంపెనీ కిట్ల కోసం చేసిన డయోరమాలు, అంటే బొమ్మలతో పేర్చిన దృశ్యాలు, ఎంతోమందికి దారి చూపించాయి. తర్వాత బెల్జియం నుంచి ఫ్రాన్స్వా వెర్లిండెన్, ఆ తర్వాత స్పెయిన్ నుంచి మిగ్ హిమేనెజ్ వంటివాళ్లు ఆయిల్ రంగులు, పిగ్మెంట్ పొడులు, చారలు, పెచ్చులు అన్నింటినీ ఒక పద్ధతిలోకి తెచ్చారు. వాళ్లు ఎక్కువగా పనిచేసింది ముప్పై అయిదో వంతు కొలతలో. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ టైగర్ ట్యాంకు బాడీ పొడవు 6.3 మీటర్లు, ఆ కొలతలో అది 18 సెంటీమీటర్లు వస్తుంది. మన నైట్ ఎత్తు 17. బల్ల మీద రెండూ ఒకే సైజు వస్తువులు. చేతిలో పట్టుకున్నా ఒకేలా ఉంటాయి. అందుకే టైగర్ మీద వేసే మచ్చే నైట్ మీదకూ అలవాటుగా వచ్చేస్తుంది. కానీ ఒకటి ఆరు మీటర్ల బండి, ఇంకొకటి పది మీటర్ల నిలువెత్తు యంత్రం. టైగర్ మీద ఒక మిల్లీమీటరు అంటే మూడున్నర సెంటీమీటర్లు, నైట్ మీద ఆరు. టెక్నిక్ తెచ్చుకున్నవాళ్లం కొలత మార్చుకోవడం మర్చిపోయాం.

మా విశాఖపట్నంలో ఉన్నవాళ్లకు ఒక అదృష్టం ఉంది. పెద్ద ఇనుము మీద కాలం ఎలా పనిచేస్తుందో చూడాలంటే బీచ్ రోడ్డు ఎక్కితే చాలు. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద ఇరుక్కుపోయిన బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘మా’ను చూడటానికి జనం ఎగబడ్డారు. అందరూ ఫొటోలు దిగుతుంటే నేను దాని పక్కల మీద చారలు చూస్తూ నిలబడేవాణ్ని. దూరం నుంచి ఓడ మొత్తం ఎర్రబడినట్టు కనిపించేది. దగ్గరకెళ్తే ఒక్క చార కూడా ఊరికే పుట్టలేదని తెలిసేది. ప్రతిదానికీ పైన ఒక మొదలు ఉంటుంది. ఒక వెల్డింగు అతుకు, నీళ్లు బయటికి పోయే కన్నం, రెయిలింగ్ కాలు కుదురుకున్న చోటు. మొదట్లో చార దాదాపు నల్లగా, చిక్కగా ఉంటుంది. కొంచెం దిగాక గోధుమ రంగు, ఇంకా దిగాక నారింజ, చివరికి కింద రంగులో కలిసిపోయి ఎక్కడ ఆగిందో చెప్పలేం. రెండు చారలు ఒకే పొడవు ఉండవు. ఓడ పొడవుతో పోలిస్తే ఒక్కో చార వెడల్పు ఎంతో తెలుసా? కంటికి ఆననంత. ఆ సన్నదనమే ఓడను ఓడగా నిలబెట్టింది.

దీని మీద నాకు ఎప్పుడూ ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది. మా ఆట బృందంలో ఒక కుర్రాడు నా నైట్‌ను చూసి, “అన్నా, ఇంత సన్నగా వేస్తే బల్ల అవతల నుంచి ఏం కనపడుతుంది? మనం ఆడేది మీటరు దూరం నుంచి కదా,” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆటబొమ్మ షోకేసు బొమ్మలా ఉంటే సరిపోదు, దూరం నుంచి చదవగలగాలి. కానీ దూరానికి కావాల్సింది వెలుగునీడల తేడా. మచ్చ వైశాల్యం పెంచితే ఆ తేడా రాదు. మచ్చలో ముదురును ఇంకా ముదురు చేసి, దాని కింద అంచున వెంట్రుకంత లేత గీత లాగితే ఆ చిన్న చుక్కే మీటరు దూరం నుంచి పలుకుతుంది. నీలం కవచం మీద ముందు లేత నీలంతో చిన్న గీత, దాని లోపల ముదురు గోధుమ చుక్క. పైపైన గీసుకున్న చోట లేత నీలం ఒక్కటే చాలు, లోహం దాకా దిగిన చోటే గోధుమ. ఈ మాట ఆ కుర్రాడికి చెప్పి, రెండు కవచాలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఒప్పుకోలేదు. వాడి నైట్‌కు ఇప్పటికీ జానెడు పెచ్చులే. అయినా మా వాదన ఆగలేదు, ఆగకూడదు కూడా.

సైజు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది తుప్పు. యుద్ధయంత్రం అంటే తుప్పు పట్టి ఉండాలని చాలామంది అనుకుంటారు. యుద్ధం తుప్పు పట్టించదు. వదిలేయడం పట్టిస్తుంది. నేవీ ఓడ రోజూ ఉప్పునీళ్లలోనే ఉంటుంది, అయినా ఎక్కడైనా ఎరుపు కనిపిస్తే గీకి, రంగు కొట్టేస్తారు. సరుకు ఓడ ‘మా’ ఒడ్డున పడ్డాక దాన్ని పట్టించుకునే చేయి లేకపోయింది. రెండూ ఒకే సముద్రం, ఒకే ఉప్పుగాలి. మరి ఇంపీరియల్ నైట్ ఎలాంటి యంత్రం? ఆట కథలో అవి రాజవంశాలకు తరతరాలుగా వస్తున్న ఆస్తి. హౌస్ టెరిన్ లాంటి వంశాలకు సొంత రంగులు, సొంత చిహ్నాలు ఉంటాయి. వాటిని బాగుచేయడానికే శాక్రిస్టన్లు అనే ప్రత్యేకమైన పనివాళ్లు ఉంటారు. అంత పరువుగా చూసుకునే యంత్రం మీద, వంశ చిహ్నం పక్కనే చెయ్యంత తుప్పు పెట్టామంటే ఆ శాక్రిస్టన్లు పని మానేశారని చెప్పినట్టే. దాని బదులు అక్కడ కొత్తగా పూసిన రంగు అతుకు పెట్టండి. చుట్టూ ఉన్న నీలం ఎండకు వెలిసి, మధ్యలో ఒక చదరం మాత్రం తాజాగా, కాస్త ముదురుగా ఉందనుకోండి. చూసేవాళ్లకు మాట చెప్పకుండానే అర్థమవుతుంది, ఇక్కడ దెబ్బ తగిలింది, ఎవరో బాగుచేశారు అని. తుప్పు మీద తుప్పు వేసినా రాని కథ ఆ చదరంలో వస్తుంది. ఇలాంటి అతుకు వేసిన నైట్‌లు చాలా తక్కువగా కనిపిస్తాయి. నాకు అది బాధగానే ఉంటుంది.

ఏ లోహం అన్నది కూడా ఆలోచించాలి. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి ఉక్కుది. రోడ్డుకు అవతల 2017 చివర్లో తెరిచిన టీయూ-142 విమానం ఒళ్లు ప్రధానంగా అల్యూమినియం. ఉక్కుకు ఎర్ర తుప్పు పడుతుంది. అల్యూమినియం చెడితే తెల్లటి పొడిలా లేస్తుంది తప్ప ఎర్రబడదు. ఇత్తడికి, రాగికి చిలుము పడుతుంది. నైట్ మీద ఇత్తడి అంచులు ఎన్ని ఉంటాయో చూడండి, వాటి మీద కూడా ఎర్ర చారలు లాగేవాళ్లున్నారు. అంచు కలిసే మూలలో ఒక్క చుక్క పచ్చ-నీలం చిలుము చాలు. పైన ఉన్నది ఇత్తడి అని కన్ను నమ్మేస్తుంది.

ఇంతకీ రంగు ముందు ఎక్కడ పోతుంది? మా వీధిలో ఓడలకు రంగులు కొట్టే పనిచేసి రిటైరైన బాబాయ్ ఒకాయన ఉన్నారు. నేను అడిగితే ఆయన, “అంచులకీ, వెల్డింగుకీనురా. అంచు మీద రంగు నిలబడదు, జారిపోద్ది. అందుకే ముందు బ్రష్‌తో అంచులకి ఒక చెయ్యి వేసేసి, అప్పుడు స్ప్రే కొట్టేవాళ్లం,” అన్నారు. తడి రంగు పదునైన అంచు మీద పలచబడిపోతుంది, ఆరాక అక్కడ పొర సన్నగా ఉంటుంది, దెబ్బ తగిలినా తేమ తగిలినా ముందు పోయేది అక్కడే. బొమ్మల్లో అంచుల వెంట పెచ్చులు వేయమని అందరూ చెబుతారు గానీ కారణం చెప్పరు. కారణం తెలిస్తే ఏ అంచుకు వేయాలో కూడా తెలుస్తుంది. భుజం కవచం పై అంచుకు దేవుడు కూడా తగలడు, అక్కడ గుండు తగిలితే తగలాలి. మోకాలి కవచం కింది అంచుకు, పాదం వేళ్లకు రోజూ తగులుతుంది. నాలుగు వైపులా సమానంగా గీత గీసిన కవచం చూస్తే అన్ని అంచులూ ఒకేలా అరిగినట్టు ఉంటుంది. అలా ఏదీ అరగదు.

పాదాల దగ్గరికి వచ్చాం కాబట్టి జేసీబీ గురించి చెప్పాలి. నైట్‌కు రంగులు వేయాలనుకునేవాళ్లకు నా మొదటి సలహా, రోడ్డు తవ్వుతున్న జేసీబీ దగ్గర పావుగంట నిలబడి చూడమని. పసుపు రంగు వెలిసిపోయి, క్యాబిన్ మెట్ల దగ్గర కాళ్లు పడేచోట మాత్రం రంగు పూర్తిగా పోయి ఉంటుంది. బొచ్చెకు పైన తుప్పు, ఎండిన మట్టి. దాని పళ్లు మాత్రం వెండిలా మెరుస్తుంటాయి. మట్టి ప్రతి రోజూ వాటిని గీకేస్తుంది, తుప్పు పట్టే సమయం ఇవ్వదు. చేతిని లేపే పిస్టన్ కడ్డీ చూడండి. బండి ఎంత పాతదైనా ఆ కడ్డీ అద్దంలా ఉంటుంది, లోపలికి వెళ్లిన ప్రతిసారీ సీలు దాన్ని తుడిచేస్తుంది. ఆ సీలు చుట్టూ మాత్రం నూనె కారి, దుమ్ము అంటుకుని, నల్లటి జిడ్డు ఉంగరం కట్టి ఉంటుంది. నైట్ కాళ్లలో పిస్టన్లున్నాయి, పాదాలకు వేళ్లున్నాయి. పిస్టన్ కడ్డీకి మెరిసే వెండి రంగు వేసి, మొదట్లో మెరుపు వార్నిష్ కలిపిన నల్ల-గోధుమ ఆయిల్ చుక్క పెట్టండి. వేళ్ల కొసలు మెరవనివ్వండి, వేళ్ల మధ్య సందుల్లో మట్టి పిగ్మెంట్ దట్టించండి. బురద చీలమండ దాటి పైకి రాకూడదు. పది మీటర్ల యంత్రానికి మోకాలి దాకా బురద అంటే అది చెరువులో దిగినట్టు.

ఇక చార లాగే పని. దీన్ని నేను ఆయిల్ రంగులతోనే చేస్తాను, ఆర్టిస్టులు వాడే మామూలు ట్యూబులు సరిపోతాయి. బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా రెండూ ఒక అట్టముక్క మీద పిండి గంటసేపు వదిలేస్తే అట్ట అందులోని నూనెను పీల్చేస్తుంది, రంగు మెరుపు లేకుండా త్వరగా ఆరుతుంది. కవచం మీద ముందే అక్రిలిక్ మెరుపు వార్నిష్ ఒక పొర ఉండాలి, అప్పుడే టర్పెంటైన్ కింది రంగును కరిగించదు, పైరంగు నునుపుగా జారుతుంది. బోల్టు కింద సూదిమొనంత ఒక చుక్క. ఐదు నిమిషాలు ఆగాలి. చదును బ్రష్‌ను టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డ మీద బాగా అద్ది, దాదాపు పొడిగా ఉండగా చుక్క మీంచి కిందికి ఒక్కసారి లాగాలి. తర్వాత బ్రష్ తుడుచుకుని, చార రెండు పక్కల నుంచి లోపలికి సన్నం చేసుకుంటూ రావాలి. అసలు కష్టం ఇక్కడే. చార వెంట్రుకంత అయ్యేదాకా పక్కలు తుడవడం, మొదలును మాత్రం ముట్టుకోకపోవడం. ఆరాక మొదట్లో ఇంకొంచెం ముదురు చుక్క పెడితే ఓడ మీద చూసిన వరుస వచ్చేస్తుంది, నలుపు, గోధుమ, నారింజ, శూన్యం. నచ్చకపోతే టర్పెంటైన్‌తో మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఆయిల్ రంగు ఇచ్చే స్వేచ్ఛ అదే.

చాలామంది నైట్ కవచాలను విడిగా పెట్టుకుని రంగు వేస్తారు, అస్థిపంజరం వేరే. మంచి పద్ధతే, చేయి అన్ని మూలలకూ అందుతుంది. కానీ చారలు, దుమ్ము మాత్రం అంతా అతికించాకే వేయాలి. పై కవచం మీంచి కారిన నీళ్లు కింది కవచం మీద ఎక్కడ పడతాయో విడి ముక్కల్లో కనిపించదు. అడుగు ముందుకేస్తున్న భంగిమలో పెట్టిన కాలి మీద చార ఎటు వంగాలనే చర్చ కూడా ఉంది. నా ఉద్దేశంలో యంత్రం ఎక్కువ కాలం నిలబడి ఉండేది తన కోటలో, నిటారుగా. కాబట్టి చార కవచానికి నిలువుగానే ఉండాలి, కాలు వంగితే చారా దానితో పాటు వంగాలి. తాజా నూనె, తాజా బురద మాత్రం ఇప్పటి భంగిమలో నేలవైపు కారతాయి. ఈ రెండు దిక్కులూ ఒకే కాలి మీద కనిపిస్తే ఆ యంత్రానికి నిన్న కూడా ఉందని, ఇవాళ కూడా ఉందని తెలుస్తుంది.

తుపాకీ గొట్టాల మీద వేడి రంగుల సంగతి క్లుప్తంగా. ఉక్కు గాలిలో వేడెక్కుతుంటే 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డి పసుపు, 280 ప్రాంతంలో ఊదా, 300 దాకా వెళ్తే నీలం వస్తుంది. అంటే ఎక్కువ వేడెక్కే కొస దగ్గర నీలం, వెనక్కి వచ్చేకొద్దీ ఊదా, ఆ వెనక పసుపు. దీన్ని తలకిందులుగా వేసిన గొట్టాలే ఎక్కువ కనిపిస్తాయి. బైక్ సైలెన్సర్ పైపు ఇంజన్ దగ్గర వంగే చోట చూస్తే వరుస గుర్తుండిపోతుంది.

ఖాళీ గురించి కూడా ఒక మాట. నైట్ పైకవచం గుమ్మటంలా ఉంటుంది, ఏ అలంకారం లేని పెద్ద నునుపు ప్రదేశం. దాన్ని చూడగానే చేతులు ఊరుకోవు. కానీ అక్కడ ఏమీ వేయకపోవడానికే ధైర్యం కావాలి. పైభాగాన్ని ఎండకు వెలిసినట్టు కొద్దిగా లేత చేసి, ఒకటి రెండు గాట్లతో వదిలేస్తే, కింద కాళ్ల దగ్గరున్న వివరమంతా పదింతలు చదవబడుతుంది. గేమ్స్ వర్క్‌షాప్ స్టూడియో బృందం ‘ఎవీ మెటల్’ శైలి శుభ్రంగా, అంచులు తళతళలాడేలా ఉంటుంది. అక్కడ చాలాకాలం చిత్రకళకు పెద్దదిక్కుగా ఉన్న జాన్ బ్లాంచ్ చూపించిన దారి మసి, తుప్పు, చీకటి. నాకు బ్లాంచ్ లోకమంటే ప్రాణం. అయినా ఆ చీకటిని నైట్ ఒంటి నిండా సమానంగా పూస్తే అది మూడ్ అవ్వదు, ఒక రంగు అవుతుంది అంతే.

మన కోస్తా వాతావరణానికి ఒక జాగ్రత్త చెప్పి ముందుకెళ్తాను. గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే వార్నిష్ కొడితే పైన తెల్లటి మసక కమ్ముతుంది. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, తేమ అక్కడ పట్టేస్తుంది. వానాకాలంలో బ్రష్‌తో వేసే అక్రిలిక్ మ్యాట్ వార్నిష్ వాడటం క్షేమం. ఆడే బొమ్మ అయితే ఆ పొర తప్పనిసరి, చేతులు పట్టుకునే పైకవచం దగ్గర రెండు పొరలు వేయండి. పిగ్మెంట్‌ను పాదాలకే పరిమితం చేస్తే చేతికి అంటదు.

ఇక ఈ వాదనకు లొంగని బొమ్మలూ ఉన్నాయి. ఆట కథలో దుష్టశక్తులైన కేయాస్ పక్షానికి చేరిన నైట్‌లు, అందులోనూ రోగాలకు దేవుడైన నర్గల్‌కు అంకితమైనవి. అక్కడ తుప్పే భక్తి, కుళ్లే అలంకారం. శాక్రిస్టన్ చేయి వేయడు, వేసినా తుడవడానికి కాదు. అలాంటి నైట్‌కు ఒళ్లంతా ఎరుపు పట్టించండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు కూడా ప్రతి చారకూ పైన ఒక బోల్టో, అతుకో, కన్నమో వెతకండి, పెచ్చును అరవైతో గుణించి చూసుకోండి. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది అలాంటిదే. దాని ఎడమ కాలి కవచానికి రంగు వేసేశాను, కుడి కాలికి ప్రైమర్ ఆరుతోంది.